కౌబాయ్స్ ఫ్యాన్ అవ్వాలంటే ఏ సీజన్‌తో మొదలుపెట్టాలి? 1971, 1977, 1992, 1993, 1995, 2014, 2016లో నా ఓటు దేనికంటే

మా బామ్మర్ది ఉద్యోగం మీద డాలస్ వచ్చాడు, వచ్చిన రెండో నెలకే ఆఫీసులో సోమవారం పొద్దున కాఫీ దగ్గర అందరూ ఇక్కడి అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ డాలస్ కౌబాయ్స్ గురించే మాట్లాడుకుంటుంటే తను బొమ్మలా నిలబడాల్సొస్తోందని నా దగ్గరకొచ్చి కూర్చున్నాడు. "బావా, రూల్స్ వచ్చేశాయి, డౌన్లు యార్డులు అన్నీ అర్థమయ్యాయి, కానీ వీళ్ళు సగం సేపు ఇప్పటి టీమ్ గురించి మాట్లాడరు, ఎమ్మిట్ అంటారు, ట్రాయ్ అంటారు, స్టాబాక్ అంటారు, 1960 నుంచి మొత్తం చదవడం నా వల్ల కాదు, ఒక్క సీజన్ చెప్పండి, దాంతో మొదలుపెడతా" అన్నాడు.

మంచి ప్రశ్న అది, ఎందుకంటే డాలస్ చుట్టుపక్కల మనవాళ్ళు ఇంతమంది ఉన్నాం, ఇర్వింగ్, కాపెల్, ఫ్రిస్కో, ప్లేనో ఎక్కడ చూసినా తెలుగు వినపడుతుంది, కానీ ఈ టీమ్‌తో చాలామందికి జెర్సీ కొనుక్కోవడం, థ్యాంక్స్ గివింగ్ రోజు టీవీలో గేమ్ పెట్టడం దగ్గరే ఆగిపోతుంది. నేనుండేది ఇర్వింగ్‌లో వ్యాలీ రాంచ్. కౌబాయ్స్ వాళ్ళ ఆఫీసు, ప్రాక్టీస్ గ్రౌండ్ 1985 నుంచి 2016 దాకా ఇక్కడే ఉండేవి, ఆ తర్వాతే ఫ్రిస్కోలో ద స్టార్ కట్టుకుని వెళ్ళిపోయారు. కౌబాయ్స్ పార్క్‌వే అని రోడ్డు పేరు ఇంకా అలాగే ఉంది. నేను రోజూ నడిచే ఆ రోడ్డు మీదే ఒకప్పుడు ఎమ్మిట్ స్మిత్, ట్రాయ్ ఐక్‌మన్ ప్రాక్టీసుకి వచ్చేవాళ్ళు అని తెలిసిన రోజు నుంచి ఈ టీమ్ చరిత్ర నాకు పరాయిగా అనిపించలేదు, అందుకే బామ్మర్దికి చెప్పిందే కొంచెం వివరంగా ఇక్కడ రాస్తున్నా.

ముందు రెండు విషయాలు, ఇవి తెలియకపోతే ఏ సీజన్ పట్టుకున్నా తికమకే. ఒకటి, సీజన్ పేరు ఒక ఏడాది, సూపర్ బౌల్, అంటే లీగ్ ఫైనల్, జరిగేది వచ్చే ఏడాది మొదట్లో. 1992 సీజన్ అంటే ఆ ఫైనల్ 1993 జనవరి 31న జరిగింది, అందుకని ఎవరైనా "93లో గెలిచాం" అంటే ఏ సీజనో అడిగి తెలుసుకోండి. రెండు, గెలుపు ఓటముల లెక్క అన్ని కాలాలకీ ఒకటి కాదు. 1961 నుంచి 1977 దాకా 14 గేములు, 1978 నుంచి 16, 2021 నుంచి 17. అంటే 1977లో 12-2 అన్నది 1992లో 13-3 కంటే మెరుగైన లెక్క, 2023లో 12-5 అన్నది 1993లో 12-4 కంటే ఒక మెట్టు కింద. ఎన్ని గెలిచారని కాకుండా ఎన్ని ఓడారని చూస్తే తొందరగా అర్థమవుతుంది.

ఇక ఏ సీజన్ మంచిదని ఎలా తేల్చాలి? చాలామంది కప్పు గెలిచిందా లేదా అని చూస్తారు, నాకు అది సరిపోదు అనిపిస్తుంది. రోస్టర్ చూడాలి, అంటే ఆ ఏడాది టీమ్‌లో ఎవరెవరు ఉన్నారు, ఎక్కడి నుంచి వచ్చారు, తర్వాత ఎక్కడికి పోయారు. ఐపీఎల్ వేలంలా డబ్బు పెట్టి కొనుక్కొచ్చే పద్ధతి కాదు ఇక్కడ, డ్రాఫ్ట్ ఉంటుంది, ముందటి ఏడాది అందరికంటే ఘోరంగా ఆడినవాడికి కాలేజీ కుర్రాళ్ళలో మొదటి ఎంపిక దొరుకుతుంది, ఆ ఎంపికల్నే టీములు ఒకళ్ళకొకళ్ళు మార్చుకుంటారు. అందుకే ఒక మంచి సీజన్ వెనక ఎప్పుడూ రెండు మూడు చెడ్డ సీజన్లు ఉంటాయి. ఆ తాడు మొత్తం కనపడే సీజన్ దొరికితే కొత్తవాళ్ళకి అంతకంటే మంచి పాఠం లేదు.

పాతవాటితో మొదలుపెడతా. 1971, 1977 రెండూ టామ్ లాండ్రీ కాలం. ఆయన 1960లో టీమ్ పుట్టినప్పటి నుంచి 1988 దాకా 29 సీజన్లు కోచ్, మొదటి ఏడాది ఒక్క గేమ్ కూడా గెలవలేదు, 0-11, ఒకటి టై. అలాంటి టీమ్‌ని 1966 నుంచి 1985 దాకా వరసగా 20 సీజన్లు ఓటముల కంటే గెలుపులు ఎక్కువ ఉండేలా నడిపాడు. అయినా 1971 దాకా పెద్ద గేములు గెలవలేరని పేరుండేది, 1967 డిసెంబర్ 31న గ్రీన్ బేలో ఎముకలు కొరికే చలిలో 21-17తో ఓడారు, దాన్నే ఐస్ బౌల్ అంటారు, తర్వాత 1970 సీజన్ సూపర్ బౌల్‌లో బాల్టిమోర్ చేతిలో 16-13.

1971 కథలో అసలు రుచి క్వార్టర్ బ్యాక్, అంటే పాస్‌లు విసిరి ఆట నడిపించేవాడి దగ్గర ఉంది. క్రెయిగ్ మోర్టన్, రోజర్ స్టాబాక్, ఇద్దరిలో ఎవరో లాండ్రీ తేల్చుకోలేకపోయాడు, షికాగో మీద అయితే ఒక ప్లే ఒకడు ఇంకో ప్లే ఇంకొకడు అలా మార్చి మార్చి ఆడించాడు, 23-19తో ఓడారు, అప్పటికి 4-3. ఆ తర్వాత స్టాబాక్ చేతికి పూర్తిగా ఇచ్చేశాడు, అంతే, మిగిలిన 7 గేములూ గెలిచి 11-3, ప్లేఆఫ్స్‌లోనూ ఓడలేదు, ఫైనల్‌లో మయామీని 24-3తో కొట్టారు, వాళ్ళకి ఒక్క టచ్‌డౌన్ కూడా ఇవ్వలేదు, అంటే బంతితో ఆఖరి గీత దాటనివ్వలేదు. స్టాబాక్ గురించి ఒక మాట చెప్పాలి, నేవీ అకాడమీలో చదివి 1963లో కాలేజీ ఫుట్‌బాల్‌లో అత్యుత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ తెచ్చుకున్న మనిషి, కౌబాయ్స్ 1964 డ్రాఫ్ట్ పదో రౌండులో తీసిపెట్టుకున్నారు, ఆయన నేవీలో సర్వీస్ పూర్తి చేసి 1969లో 27 ఏళ్ళ వయసులో రూకీగా, అంటే మొదటి ఏడాది ఆటగాడిగా వచ్చాడు. అయిదేళ్ళు ఎదురుచూశారు ఒక్క మనిషి కోసం. ఇదే రోస్టర్‌లో బాబ్ లిల్లీ ఉన్నాడు, కౌబాయ్స్ చరిత్రలో మొట్టమొదటి డ్రాఫ్ట్ పిక్, 1961. టోక్యో ఒలింపిక్స్‌లో 100 మీటర్లు గెలిచిన బాబ్ హేస్ ఉన్నాడు. సీజన్ మధ్యలోనే, అక్టోబర్ 24న, ఇర్వింగ్‌లో టెక్సస్ స్టేడియం తెరిచారు, పైన కప్పులో పెద్ద కన్నం ఉండేది, ఆ స్టేడియంని 2010 ఏప్రిల్‌లో పేల్చేశారు.

1977కి వస్తే అంత సస్పెన్స్ ఉండదు, అది బలమైన టీమ్ బలంగా గెలిచిన సీజన్. సియాటిల్‌తో ట్రేడ్ చేసి డ్రాఫ్ట్‌లో రెండో స్థానం సంపాదించి టోనీ డోర్సెట్‌ని తీసుకున్నారు, మొదటి తొమ్మిది గేములూ లాండ్రీ అతన్ని స్టార్ట్ చేయించలేదు, అయినా 1,007 గజాలు పరిగెత్తాడు. డిఫెన్స్‌లో రాండీ వైట్, హార్వీ మార్టిన్, ఎడ్ జోన్స్, వెనకాల క్లిఫ్ హారిస్, చార్లీ వాటర్స్. ఫైనల్‌లో డెన్వర్ మీద 27-10, వైట్, మార్టిన్ ఇద్దరికీ కలిపి ఎంవీపీ (అత్యుత్తమ ఆటగాడు) ఇచ్చారు. డెన్వర్ క్వార్టర్ బ్యాక్ ఎవరో తెలుసా, 1971లో స్టాబాక్‌తో పోటీపడిన అదే మోర్టన్, ఆరోజు 4 ఇంటర్‌సెప్షన్లు వేశాడు, అంటే నాలుగుసార్లు అతని పాస్ అవతలివాళ్ళ చేతికి చిక్కింది. ఇది తెలిసి చూస్తే ఆ గేమ్ బరువు వేరు, తెలియకుండా చూస్తే ఒకవైపు మ్యాచ్. అందుకే ఈ రెండిట్లో ఒకటే చూడాలంటే 1971, రెండూ చూసే ఓపిక ఉంటే 1971 తర్వాతే 1977.

కానీ కొత్తవాళ్ళకి ఈ రెండూ మొదటి మెట్టుగా నేను చెప్పను. ఆట తీరే వేరు అప్పట్లో, పాస్‌లు తక్కువ, మనం ఇవాళ టీవీలో చూసే ఆటకి కళ్ళు అలవాటు పడ్డాక అది నెమ్మదిగా కనిపిస్తుంది, పైగా ఆ ప్లేయర్లు ఎలా చేరారో, జీతాల గొడవలు ఏంటో, ఇవాళ్టి లెక్కలకి కలవవు. ముందు దీంట్లో దిగితే సగంలో వదిలేసే ప్రమాదం ఉంది. నేను అలాగే ఒకసారి వదిలేశా, ఏడాది తర్వాత మళ్ళీ పట్టుకున్నా.

ఇక తొంభైలు. నిజం చెప్పాలంటే పోటీ అంతా ఇక్కడే, 1992, 1993, 1995, మూడూ కప్పు గెలిచినవే. ఈ మూడిట్లో ఏది ముందు అన్నదాని మీద నేను కాపెల్‌లో ఒక స్నేహితుడితో చాలా వారాంతాలు వాదించా, అతను 1992 అంటాడు.

అతని వాదనలో బలముంది, కాదనను. 1989 ఫిబ్రవరి 25న జెర్రీ జోన్స్ టీమ్ కొన్నాడు, ఆరోజే లాండ్రీని తీసేశాడు, ఊరంతా మండిపడింది. కాలేజీ ఫుట్‌బాల్ నుంచి జిమ్మీ జాన్సన్‌ని కోచ్‌గా తెచ్చాడు. ఆ ఏడాది 1-15. డ్రాఫ్ట్‌లో మొట్టమొదటి పిక్‌గా తీసుకున్న ఐక్‌మన్ తను స్టార్ట్ చేసిన 11 గేములూ ఓడిపోయాడు. సీజన్ మధ్యలో, అక్టోబర్‌లో, టీమ్‌లో ఉన్న ఒకే ఒక్క పెద్ద స్టార్ హర్షల్ వాకర్‌ని మినసోటాకి ఇచ్చేశారు, బదులుగా ప్లేయర్లు, బోలెడు డ్రాఫ్ట్ పిక్స్. మినసోటా వాళ్ళు ప్లేయర్లని ఇచ్చామనుకున్నారు, జాన్సన్‌కి కావాల్సింది ఆ ప్లేయర్లని వదిలేస్తే వచ్చే పిక్స్. ఆ పిక్స్‌ని అటూ ఇటూ మార్చుకుంటూ 1990లో 17వ స్థానానికి ఎక్కి, బంతి పట్టుకుని పరిగెత్తే ఎమ్మిట్ స్మిత్‌ని పట్టుకున్నారు, 1992లో రెండో రౌండులో డారెన్ వుడ్సన్ వచ్చాడు. 1-15, 7-9, 11-5, 13-3, ఇదీ మెట్లు. 1992లో గజాల లెక్కన లీగ్‌లో నంబర్ వన్ డిఫెన్స్ వీళ్ళది, అయినా ఆ డిఫెన్స్ నుంచి ఒక్కడూ ప్రో బౌల్‌కి, అంటే లీగ్ ఆల్ స్టార్ గేమ్‌కి ఎంపిక కాలేదు, అంటే ఎవడో ఒక్కడి మీద నడిచిన డిఫెన్స్ కాదు అది, మార్చి మార్చి మనుషుల్ని దింపుతూ ఎవర్నీ అలిసిపోనివ్వకుండా ఆడిన గుంపు. సాన్ ఫ్రాన్సిస్కో నుంచి చార్ల్స్ హేలీని తెచ్చుకోవడం ఆఖరి ముక్క, అతను తోడయ్యాక ఆ సీజన్ సాన్ ఫ్రాన్సిస్కో వాళ్ళ సొంత గడ్డ మీదే 30-20తో గెలిచారు. ఫైనల్‌లో బఫలో మీద 52-17, బఫలో 9 సార్లు బంతి పోగొట్టుకుంది.

అంతా బావుంది, కానీ 52-17 ఫైనల్ కొత్తవాడికి ఏం నేర్పుతుంది? టీమ్ ఎంత గొప్పదో కనిపిస్తుంది కానీ ఆ గొప్పతనం దేని మీద నిలబడిందో కనపడదు. అన్నీ సరిగ్గా కుదిరినప్పుడు ఏ ముక్క ఎంత బరువు మోస్తోందో బయటికి తెలీదు కదా, ఇంట్లో అమ్మ ఊరెళ్ళిన రోజు తెలుస్తుంది వంటింట్లో ఎన్ని పనులు ఉంటాయో. అందుకే నా ఓటు 1993.

1993లో ఏమైందంటే, ఎమ్మిట్ కాంట్రాక్ట్ అయిపోయింది, వరసగా రెండేళ్ళు లీగ్‌లో అందరికంటే ఎక్కువ పరిగెత్తినవాడు, 1992లో 1,713 గజాలు, అడిగిన జీతం జోన్స్ ఇవ్వనన్నాడు, ఎమ్మిట్ రానన్నాడు. సీజన్ మొదలైపోయింది. మొదటి గేమ్ వాషింగ్టన్‌లో 35-16తో ఓడారు. రెండోది ఇంటి దగ్గర, అదే బఫలో, 13-10తో ఓడారు. అదే క్వార్టర్ బ్యాక్, పాస్‌లు పట్టే అదే మైకల్ ఇర్విన్, ముందు నిలబడి అడ్డుకునే అదే లైన్, కొంచెం అటూ ఇటూగా అదే డిఫెన్స్, ఏడు నెలల క్రితం 52-17తో కొట్టిన టీమ్‌నే ఎదురుగా పెట్టుకుని మొత్తం గేమ్‌లో 10 పాయింట్లు. ఎమ్మిట్ స్థానంలో డెరిక్ లాసిక్ అని రూకీని పెట్టారు, ఆ కుర్రాడి తప్పేం లేదు, ఎవర్ని పెట్టినా అంతే. ఓడాక లాకర్ రూమ్‌లో హేలీ కోపంతో హెల్మెట్ గోడకేసి కొట్టాడు. ఆ వారంలోనే జోన్స్ దిగొచ్చాడు, 4 ఏళ్ళకి 13.6 మిలియన్ డాలర్లు, ఎమ్మిట్ వచ్చాడు, వరసగా ఏడు గేములు గెలిచారు. అప్పటిదాకా మొదటి రెండు గేములూ ఓడి సూపర్ బౌల్ గెలిచిన టీమ్ చరిత్రలో లేదు.

రోస్టర్ పేజీలో 53 పేర్లు ఉంటాయి, ఒక్క పేరు తీసేస్తే ఏమవుతుందో ఇంత శుభ్రంగా చూపించిన సీజన్ నాకు తెలిసి ఇంకోటి లేదు. తర్వాత నవంబర్ 25, థ్యాంక్స్ గివింగ్, డాలస్‌లో మంచు పడింది, ఈ ఊళ్ళో ఉండేవాళ్ళకి తెలుసు అది ఎంత అరుదో, స్టేడియం కప్పు కన్నంలోంచి మంచు గ్రౌండ్ మీద పడుతోంది, మయామీ ఆఖరి క్షణాల్లో గోల్ స్తంభాల మధ్యకి కాలితో కొట్టిన ఫీల్డ్ గోల్‌ని డాలస్ బ్లాక్ చేసింది, బంతిని ఎవరూ ముట్టుకోకుండా వదిలేస్తే గెలిచినట్టే, డాలస్ ఆటగాడు లియాన్ లెట్ పరిగెత్తుకుంటూ వచ్చి జారి దానికి తగిలాడు, అంతే, ముట్టుకున్నాక బంతి ఎవరు పట్టుకుంటే వాళ్ళది, మయామీ పట్టుకుంది, మళ్ళీ కొట్టింది, 16-14. లెట్ 1991లో ఏడో రౌండులో వచ్చిన కుర్రాడు, ముందటి సూపర్ బౌల్‌లో కూడా టచ్‌డౌన్ గీత ముందు బంతి చాచి పట్టుకుని పోగొట్టుకున్నవాడు. ఈ పేరు గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

అప్పటికి 7-4. అక్కడినుంచి ఒక్కటి కూడా ఓడలేదు. ఆఖరి గేమ్ 1994 జనవరి 2న, న్యూయార్క్ జెయింట్స్ మీద వాళ్ళ గ్రౌండ్‌లో, గెలిచినవాళ్ళదే డివిజన్, అంటే తమ గ్రూపులో మొదటి స్థానం, ఆపై ఒక వారం విశ్రాంతి, ప్లేఆఫ్స్ ఇంటి దగ్గర. రెండో క్వార్టర్‌లో ఎమ్మిట్ భుజం కీలు తప్పింది. మామూలుగా ఎవరైనా బయట కూర్చుంటారు. ఆయన 32 సార్లు బంతి మోశాడు, 168 గజాలు, ఇంకో 10 పాస్‌లు పట్టుకున్నాడు, ఓవర్‌టైమ్‌లో 16-13. ఆ గేమ్ చూస్తుంటే ప్రతిసారీ కింద పడ్డాక ఒక చెయ్యి ఒంటికి ఆనించుకుని లేవడం కనిపిస్తుంది, నేను ఎన్నిసార్లు చూసినా ఆ దగ్గర కుర్చీలో కుదురుగా కూర్చోలేను. సెప్టెంబర్‌లో ఈయనకి జీతం ఇవ్వాలా వద్దా అని బేరమాడారు కదా అన్నది గుర్తొస్తుంది.

తర్వాత సాన్ ఫ్రాన్సిస్కోతో సెమీస్ లాంటి గేమ్, ముందు వారం జాన్సన్ రేడియో ప్రోగ్రామ్‌కి తనే ఫోన్ చేసి మేమే గెలుస్తాం అని చెప్పేశాడు, 38-21తో గెలిచారు, మధ్యలో ఐక్‌మన్ తలకి దెబ్బ తగిలి బయటికెళ్తే నవంబర్‌లో తెచ్చుకున్న బర్నీ కోసార్ వచ్చి నడిపించాడు. ఇక్కడ కూడా రోస్టర్ పాఠమే, బ్యాకప్ అంటే ఏంటో. ఫైనల్ మళ్ళీ బఫలో. హాఫ్ టైమ్‌కి బఫలో 13-6 ముందుంది. రెండో సగం మొదట్లోనే బఫలో ఆటగాడు థర్మన్ థామస్ చేతిలోంచి బంతి ఊడగొట్టింది ఎవరో తెలుసా, లియాన్ లెట్. జేమ్స్ వాషింగ్టన్ దాన్ని పట్టుకుని 46 గజాలు పరిగెత్తి టచ్‌డౌన్. తర్వాత బంతి దొరగ్గానే దాదాపు ప్రతి ప్లే ఎమ్మిట్‌కే ఇచ్చారు, 30-13. ఎమ్మిట్‌కి ఫైనల్ ఎంవీపీ, ఆ ఏడాది లీగ్ ఎంవీపీ, రెండు గేములు ఆడకపోయినా 1,486 గజాలతో లీగ్‌లో నంబర్ వన్.

ఎమ్మిట్ ఒక్కడి గురించే రాస్తున్నా అనుకోవద్దు, ఆయనే ఎప్పుడూ చెప్పేది ముందున్న లైన్ గురించి. మార్క్ ట్యూనే, నేట్ న్యూటన్, మార్క్ స్టెప్‌నోస్కీ, ఎరిక్ విలియమ్స్, వెనకాల దారి తీసే ఫుల్ బ్యాక్ డారిల్ జాన్‌స్టన్. గేమ్ చూసేటప్పుడు నాలుగైదు ప్లేలు బంతిని వదిలేసి వీళ్ళని మాత్రమే చూడండి, ఆట వేరేలా కనిపిస్తుంది. బామ్మర్దికి అసలు ఫుట్‌బాల్ నచ్చడం మొదలైంది అక్కడే.

1995 సంగతి. చాలామంది ఇక్కడివాళ్ళు "చివరి సూపర్ బౌల్ కదా, అదే చూడు" అంటారు. పేర్లు చూస్తే ఇదే అందరికంటే మెరుస్తుంది, డీయాన్ శాండర్స్‌ని 7 ఏళ్ళకి 35 మిలియన్లు ఇచ్చి తెచ్చారు, ఎమ్మిట్ 1,773 గజాలు, 25 రన్నింగ్ టచ్‌డౌన్లు, అప్పటికి అది లీగ్ రికార్డు, ఇర్విన్ 1,603 గజాలు, లైన్‌లో 1994లో వచ్చిన లారీ అలెన్. 12-4, ఫైనల్‌లో పిట్స్‌బర్గ్ మీద 27-17, రెండు ఇంటర్‌సెప్షన్లు పట్టిన లారీ బ్రౌన్‌కి ఎంవీపీ, అతను 1991లో పన్నెండో రౌండులో వచ్చినవాడు. కానీ లోపల టీమ్ అప్పటికే పలచబడుతోంది. 1994లో జీతాల మీద పరిమితి వచ్చింది, ఒక టీమ్ మొత్తానికి 34.6 మిలియన్లు, అంతకు మించి ఇవ్వడానికి లేదు. జోన్స్‌తో పడక జాన్సన్ 1994 మార్చిలో వెళ్ళిపోయాడు, బ్యారీ స్విట్జర్ వచ్చాడు. కెన్ నార్టన్, 1992, 1993లో డిఫెన్స్ మధ్యలో స్తంభంలా నిలబడిన లైన్‌బ్యాకర్, 1994లో సాన్ ఫ్రాన్సిస్కోకి వెళ్ళాడు, ఆ ఏడాది డాలస్‌ని 38-28తో ఓడించి వాళ్ళే కప్పు కొట్టారు, నార్టన్‌కి వరసగా మూడో కప్పు. స్టెప్‌నోస్కీ, ఆల్విన్ హార్పర్ కూడా 1995కి లేరు. మొదటిసారి చూసేవాళ్ళకి ఈ పోయినవాళ్ళు కనపడరు, వచ్చిన డీయాన్ కనపడతాడు. అందుకే 1993 చూశాకే 1995, అప్పుడు ఖాళీలు కళ్ళకి కడతాయి.

ఇప్పటివి కావాలి, హెచ్‌డీలో కావాలి, ఇంకా మనుషుల నోళ్ళలో నానుతున్న పేర్లు కావాలి అనేవాళ్ళకి 2014, 2016. రెండిట్లోనూ కప్పు లేదు, 1995 తర్వాత 2025 సీజన్ దాకా సూపర్ బౌల్ కాదు కదా దానికి ముందు గేమ్ దాకా కూడా వెళ్ళలేదు, అది మనసులో పెట్టుకునే చూడండి. 2014కి ముందు డ్రాఫ్ట్‌లో 16వ పిక్ దగ్గర జోన్స్ కళ్ళు జానీ మాన్‌జెల్ మీద ఉన్నాయి, అప్పట్లో కాలేజీల్లో అతనంత పేరున్న క్వార్టర్ బ్యాక్ లేడు, చుట్టూ ఉన్నవాళ్ళు నచ్చజెప్పి జాక్ మార్టిన్‌ని తీయించారు, అతను ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు లీగ్‌లో అత్యుత్తమ గార్డ్‌లలో (లైన్‌లో ఒక స్థానం అది) ఒకడు. టైరన్ స్మిత్, ట్రావిస్ ఫ్రెడరిక్, మార్టిన్ ఉన్న ఆ లైన్ వెనకాల డిమార్కో ముర్రే 1,845 గజాలు, ఇది ఎమ్మిట్ కూడా అందుకోని కౌబాయ్స్ రికార్డు. టోనీ రోమో, డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోనివాడు, కెరీర్‌లో అందరికంటే బాగా ఆడిన ఏడాది. బయట ఆడిన 8 గేములూ గెలిచారు, 12-4. గ్రీన్ బేలో నాలుగో డౌన్‌లో, అంటే ఆఖరి అవకాశంలో, డెజ్ బ్రయంట్ గాల్లోకి ఎగిరి పట్టిన బంతిని రీప్లే చూసి పట్టలేదని తేల్చారు, 26-21తో ఓటమి. ఆ రూల్‌ని లీగ్ 2018లో మార్చింది. అది క్యాచే అని నేను ఇవాళ్టికీ అంటా.

2016 ఇంకో రకం. 2015లో రోమో కాలర్ బోన్ రెండుసార్లు విరిగి 4-12 అవ్వడంతో నాలుగో పిక్ దొరికింది, ఎజికియల్ ఎలియట్ వచ్చాడు, అదే డ్రాఫ్ట్‌లో 135వ పిక్‌గా డాక్ ప్రెస్కాట్. రోమోకి ప్రాక్టీస్ గేమ్‌లో వీపుకి దెబ్బ తగిలి డాక్‌ని దింపితే మొదటిది ఒక్క పాయింట్ తేడాతో ఓడి వరసగా 11 గెలిచారు, 13-3, ఎలియట్ 1,631 గజాలతో లీగ్ నంబర్ వన్. మళ్ళీ గ్రీన్ బేనే, ఇంటి దగ్గర, 34-31, ఆఖరి సెకన్‌లో 51 గజాల ఫీల్డ్ గోల్. సరదాగా సాగే సీజన్ కావాలంటే 2016, రోస్టర్ ఎలా కట్టారో చూడాలంటే 2014, నేనైతే 2014 ముందు చూసి, 2015 పేజీ ఒక్కసారి తిరగేసి, 2016లోకి వెళ్ళమంటా. 2007 కూడా 13-3 కానీ మొదటి ప్లేఆఫ్ గేమ్‌లోనే జెయింట్స్ చేతిలో పోయింది, 2023లో ఇంటి దగ్గర 8-0 ఆడి అదే ఇంట్లో గ్రీన్ బే చేతిలో 48-32, ఈ రెండూ తర్వాత ఎప్పుడైనా తీరిగ్గా.

కాబట్టి మీ సంగతి బట్టి: ఆఫీసులో మాట కలపడమే ముఖ్యమైతే 2016, ఎందుకంటే నలభై లోపు వాళ్ళకి అదే బాగా గుర్తు. మీ మేనేజర్ యాభై దాటినవాడైతే తొంభైలు. పక్కింటి పెద్దాయన స్టాబాక్ కాలం మనిషైతే 1971 చూసి వెళ్ళి ఆయన్ని మోర్టన్ గురించి అడగండి, సాయంత్రం మొత్తం చెప్తాడు. టీమ్ ఎలా కడతారో అన్నదే ఆసక్తి అయితే 1989 నుంచి 1992 దాకా రోస్టర్లు వరసగా తెరిచి పెట్టుకోండి. ఇవేవీ కాదు, ఒక్కటే చూస్తా అంటే 1993, మారు మాట లేదు.

రోస్టర్ పేజీ చదవడం గురించి కూడా చెప్పాలి. ప్రో ఫుట్‌బాల్ రిఫరెన్స్ సైట్‌లో ఏ సీజనైనా దొరుకుతుంది. జెర్సీ నంబర్ వదిలేసి ముందు ఎన్ని గేములు స్టార్ట్ చేశాడో చూడండి, తర్వాత డ్రాఫ్ట్‌లో ఎప్పుడు ఎన్నో రౌండులో వచ్చాడో. 1993లో ఎమ్మిట్ పక్కన ఆడిన గేములు 16 బదులు 14 అని కనిపిస్తుంది, ఆ రెండు గేముల తేడా వెనక ఇంత కథ ఉంది. నంబర్లంటే ఇష్టమున్నవాళ్ళు 88 పట్టుకుని వెళ్ళండి, డ్రూ పియర్సన్, ఇర్విన్, డెజ్ బ్రయంట్, సీడీ ల్యాంబ్, ఒక్క నంబర్ మీద యాభై ఏళ్ళ రిసీవర్ల చరిత్ర వచ్చేస్తుంది.

1993 పెట్టుకున్నవాళ్ళు అన్ని గేములూ చూడక్కర్లేదు, వాషింగ్టన్, బఫలో ఓటములు రెండూ హైలైట్స్ చాలు, మయామీ మంచు గేమ్ ఆఖరి అయిదు నిమిషాలు, జెయింట్స్ గేమ్ దొరికితే మొదటి నుంచి చివరిదాకా, సాన్ ఫ్రాన్సిస్కో గేమ్, ఫైనల్ రెండో సగం. ఒక నెల వారాంతాలకి సరిపోతుంది. అది అయ్యాక 1994 రోస్టర్ పక్కన పెట్టుకుని ఒక్కో పేరు సరిచూడండి.

బామ్మర్ది నిన్న రాత్రి అక్కడిదాకా వచ్చాడు, పదకొండింటికి ఫోన్ చేసి హలో కూడా అనకుండా "బావా, నార్టన్ ఏడి?" అన్నాడు.